సంతకం అమ్మది, పెత్తనం ఎవరిది?

పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా గుర్తుకొచ్చేది ఇద్దరు సినిమా నటులు. కృష్ణంరాజు గారు, చిరంజీవి గారు ఇద్దరూ ఆ ఊరివారే. ఇద్దరూ వెండితెర మీదినుంచి రాజకీయాల్లోకి వచ్చినవారే. కృష్ణంరాజు గారు 1999లో నరసాపురం నుంచి లోక్‌సభకు గెలిచి, కేంద్రంలో సహాయమంత్రిగా పనిచేశారు. చిరంజీవి గారు 2008 ఆగస్టులో ప్రజారాజ్యం పార్టీ స్థాపించి, 2009 ఎన్నికల్లో రెండు చోట్ల పోటీ చేశారు. తిరుపతిలో గెలిచారు. సొంత ప్రాంతమైన పాలకొల్లులో మాత్రం ఓడిపోయారు. ఓడించినది ఒక స్త్రీ. కాంగ్రెసు అభ్యర్థిగా నిలబడిన బంగారు ఉషారాణి గారు ఐదువేల పైచిలుకు ఓట్లతో గెలిచారు.

ఒక పార్టీని పొగడడానికో, ఇంకొకరిని తక్కువ చేయడానికో ఈ సంగతి చెప్పడం లేదు. ఏ పార్టీ జెండా పట్టుకోవడమూ మా ఉద్దేశం కాదు. మేము ఈ డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళం. "ఆడవాళ్ళకు రాజకీయాలెందుకమ్మా, ఓటేసి వచ్చేస్తే చాలదా?" అనే మాట చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాము. ఆ మాట నిజంగా మన గోదావరి తీరపు మాటేనా? మన అమ్మమ్మలు, నాయనమ్మలు నడిచిన దారి అదేనా? ఈ నెల మన కుటుంబాలు కూర్చుని ఆలోచించుకోవలసిన విషయం ఇది.

పేరు దొరకడానికే ఇంత కాలం

మొగల్తూరు ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. ఆ రాజధానిలో 1921లో స్త్రీలకు ఓటుహక్కు ఇవ్వడానికి శాసనమండలి ఒప్పుకుంది. అయితే ఆ ఓటు ఆస్తి ఉన్నవాళ్ళకే. పొలంలో నాట్లు వేసే స్త్రీకి, తీరంలో చేపలు ఎండబెట్టే స్త్రీకి అందలేదు. కులం, ఆస్తి, చదువు చూడకుండా ప్రతి స్త్రీకీ ఓటు వచ్చినది 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చిన తర్వాతే.

అప్పుడు కూడా ఒక విచిత్రం జరిగింది. 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికల కోసం ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాసుకుంటున్నప్పుడు, ఉత్తరాది రాష్ట్రాల్లో చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానా వారి భార్యను", "ఫలానా వారి కూతురిని" అని మాత్రమే రాయించారు. పేరు లేనివారికి ఓటు ఇవ్వడం కుదరదని నాటి ప్రధాన ఎన్నికల అధికారి సుకుమార్ సేన్ పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలో చోటు కోల్పోయారు. పేరు చెప్పుకోవడానికి జంకినందుకు పోయిన ఓట్లు అవి.

మన వైపు చరిత్ర కొంత వేరు. ద్రాక్షారామంలో పుట్టి, చిన్ననాడే వైధవ్యం పొందిన దువ్వూరి సుబ్బమ్మ గారు సహాయ నిరాకరణోద్యమంలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. 1922లో శిక్షపడి రాయవెల్లూరు జైలుకు వెళ్ళారు. వితంతువు గడప దాటితేనే తప్పుపట్టిన రోజులవి. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, రాజమండ్రి అమ్మాయి దుర్గాబాయి పద్నాలుగేళ్ళ వయసులో ప్రదర్శనశాల ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడింది. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. అదే అమ్మాయి తర్వాత 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించింది. రాజ్యాంగ సభలో ఉన్న పదిహేను మంది స్త్రీలలో ఒకరయింది.

తాడేపల్లిగూడెం దగ్గర పశ్చిమ విప్పర్రుకు చెందిన పసల కృష్ణమూర్తి, అంజలక్ష్మి దంపతుల కథ కూడా మన పిల్లలకు చెప్పవలసినదే. భార్యాభర్తలిద్దరూ స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్ళారు. అంజలక్ష్మి గారు గర్భవతిగా ఉండి శిక్ష అనుభవించారు. వారి కుమార్తె కృష్ణభారతి గారు జైల్లోనే పుట్టారు. 2022 జూలైలో భీమవరం వచ్చిన ప్రధానమంత్రి, తొంభై ఏళ్ళ కృష్ణభారతి గారిని కలిసి ఆశీస్సులు తీసుకున్నారు. రాజకీయాలు ఆడవారి పని కాదనుకుంటే ఆ తల్లి జైలుకు ఎందుకు వెళ్ళినట్టు?

లేసు అల్లే చేతులు

నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు చుట్టుపక్కల ఏ వీధికి వెళ్ళినా, మధ్యాహ్నం పూట అరుగుల మీద కూర్చుని దారం, సూది పట్టుకుని లేసు అల్లే స్త్రీలు కనబడతారు. ఈ పని మన ప్రాంతానికి వచ్చినది పందొమ్మిదో శతాబ్దంలో, క్రైస్తవ మిషనరీ కుటుంబాల ద్వారా. కూలి దొరకని పేద స్త్రీలకు ఇంట్లో కూర్చుని చేసుకునే పనిగా అది మొదలయింది. తర్వాత కులంతో నిమిత్తం లేకుండా వేలాది ఇళ్ళలోకి వెళ్ళింది. విదేశాల్లో భోజనాల బల్లల మీద మన అక్కచెల్లెళ్ళ చేతిపని పరచబడింది.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివరలో ఇక్కడికి వచ్చి, ఈ స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆవిడ గమనించిన విషయం మనందరినీ ఆలోచింపజేస్తుంది. ఇంటిపని, పిల్లల పని ముగించుకుని రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నా, ఈ స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కించలేదు. "ఊరికే కూర్చోకుండా తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటున్నారు" అన్నారు. కూలి చట్టంలో చెప్పిన కనీస వేతనానికి ఎంతో దిగువన ఉంది. ఏజెంట్లు మగవారే, ఎగుమతిదారులు మగవారే, ధర నిర్ణయించేది వారే. ఒక ఇంట్లో అల్లిన ముక్కను ఇంకో ఇంట్లో అతుకుతారు. కాబట్టి ఒకరికొకరు కలిసేది లేదు, అడిగేది లేదు.

మేము ఈ లేసు సంగతి చెబుతున్నది ఎందుకంటే, రాజకీయాల్లో స్త్రీ పరిస్థితి కూడా సరిగ్గా ఇలాగే ఉంది. పని ఆమెది, లెక్కలోకి వచ్చేది ఇంకొకరు. ఓటు ఆమెది, ధర కట్టేది ఇంకొకరు. 2024 ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల కంటే స్త్రీ ఓటర్లే ఎక్కువ. అయినా టిక్కెట్లు పంచే గదిలో స్త్రీలు ఎందరు?

లేసు విషయంలో మార్పు వచ్చినది స్త్రీలు సంఘాలుగా కూడినప్పుడే. నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేసు పార్కు ఏర్పడి, అల్లేవారి సహకార సంఘాలన్నీ ఒక సమాఖ్యగా కలిశాయి. శిక్షణ, నేరుగా ఆర్డర్లు తీసుకోవడం మొదలయ్యాయి. 2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కష్టాలన్నీ తీరిపోయాయని చెప్పలేము. కూలి గురించి కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటి దొరికింది, అంతే. ఆ అంతే చాలా పెద్ద విషయం.

నలుగురూ కూడితే ఏమవుతుంది?

దీనికి జవాబు కావాలంటే నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకోవాలి. 1991-92లో అక్షరాస్యత కేంద్రానికి వచ్చి రాత్రిపూట చదువుకుంటున్న పేద స్త్రీలు, ఊరిలో సారా అంగడి మూయించిన ఆడవారి కథను పాఠంగా చదివారు. "మనమూ ఎందుకు చేయకూడదు?" అనుకున్నారు. రోసమ్మ వంటి సామాన్య స్త్రీలు ముందు నిలబడ్డారు. ఊరూరా సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు గారు సంపూర్ణ మద్యనిషేధానికి ఒప్పుకోక తప్పలేదు. 1995 జనవరిలో అది అమలయింది.

అయితే 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఎందుకు? ఖజానా లోటు అన్నారు, దొంగసారా అన్నారు. ఆ మాటల్లో నిజం ఉండవచ్చు. కాని మా ఆలోచన ఇంకొకటి. వీధిలో పోరాడి గెలిచిన స్త్రీలు, నిర్ణయాలు జరిగే శాసనసభలోను, పార్టీ కార్యవర్గాల్లోను లేరు. బయట గెలిచినదాన్ని లోపల కాపాడేవారు లేకపోతే అది ఎంతోకాలం నిలవదు.

మనకు దగ్గర్లోనే ఇంకొక ఉదాహరణ ఉంది. భీమవరం మండలం తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వస్తుందన్నప్పుడు తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి గ్రామాల ప్రజలు తమ నీరు, గొంతేరు డ్రెయిను పాడవుతాయని ఎదురుతిరిగారు. ఆ ఉద్యమంలో ముందు వరుస స్త్రీలదే. 2016లో 144వ సెక్షను పెట్టారు, కేసులు పెట్టారు. ఒక పెద్దావిడ వారాల తరబడి జైల్లో ఉన్నారు. వారి భయం ఊహ కాదని 2017 మార్చి 30న మొగల్తూరు మండలం నల్లంవారితోటలో తేలిపోయింది. అక్కడి ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువుకు బలైపోయారు. పరిశ్రమ వద్దని కాదు. రొయ్యల షెడ్లలో తల తీసే పని చేసి బతికే ఆడవాళ్ళు ఈ మండలంలో ఎందరో ఉన్నారు. వారి భద్రత గురించి, తాగేనీటి గురించి అడిగే గొంతు పంచాయతీలో ఉండాలి కదా అన్నదే మా ప్రశ్న.

కుర్చీ వచ్చింది, కాని...

ఆ గొంతుకు చోటు కల్పించినది 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24న అది అమలులోకి వచ్చింది. పంచాయతీల్లో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు స్త్రీలకు కేటాయించాలన్నది. దాని ప్రకారం వచ్చిన 1994 పంచాయతీరాజ్ చట్టం కింద 1995లో మన రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. తర్వాత 2011 సవరణతో ఆ వాటా సగానికి పెరిగింది. 2013, 2021 ఎన్నికలు సగం సీట్లు స్త్రీలకు కేటాయించే జరిగాయి.

మరి కుర్చీలో కూర్చున్నది ఎవరు? మేము చూసినంతలో రెండు రకాల ఊళ్ళున్నాయి. మొదటి రకం ఊళ్ళో "సర్పంచ్ గారు" అని పిలిస్తే భర్త పలుకుతాడు. ఆఫీసులో మాట్లాడేది ఆయన, కాంట్రాక్టరుతో లెక్క చూసేది ఆయన. ఇంటికి కాగితాలు వస్తే ఆవిడ వంటింట్లోంచి చేయి తుడుచుకుని వచ్చి చూపించిన చోట సంతకం పెడుతుంది. రేపు లెక్కల్లో తేడా వస్తే నోటీసు మాత్రం ఆవిడ పేరు మీదే వస్తుంది. ఇది భర్తకు సహాయం చేయడం కాదు, తన మెడకు తానే ఉరి తగిలించుకోవడం. ఈ "పతి సర్పంచుల" జబ్బు దేశమంతటా ఉంది. దీన్ని అరికట్టే మార్గాలు చూడడానికి కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఒక కమిటీనే వేయవలసి వచ్చింది.

రెండో రకం ఊళ్ళో మొదటి ఆరు నెలలు ఆవిడ కూడా భయపడుతూనే వెళ్తుంది. తర్వాత కార్యదర్శిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కల పుస్తకం చదవడం నేర్చుకుంటుంది. కుళాయి నీరు, డ్రెయిను పూడిక, బడి మరుగుదొడ్డి గురించి మాట్లాడడం మొదలుపెడుతుంది. ఈ రెండో రకం స్త్రీలలో చాలామంది అంతకుముందు డ్వాక్రా సంఘంలో పనిచేసినవారే. మన దేశంలో డ్వాక్రా పథకం 1982లో మొదలయింది. సారా ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి పొదుపుతో మన రాష్ట్రంలో వేళ్ళూనుకుంది. 2000 సంవత్సరం నుంచి వెలుగు పథకం వచ్చాక గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లు మెట్లుగా ఎదిగింది. బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని మాట్లాడిన స్త్రీకి, పంచాయతీ కుర్చీ అంత ఎత్తుగా కనబడదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఏ పార్టీ సభ జరిగినా డ్వాక్రా అక్కచెల్లెళ్ళను బస్సుల్లో ఎక్కించడం అలవాటయిపోయింది. హారతులివ్వడానికి, చప్పట్లు కొట్టడానికి స్త్రీలు కావాలి. కార్యవర్గం పేర్లు చదివేటప్పుడు మాత్రం "మహిళా విభాగం" అని ఒక మూల గది చూపిస్తారు. జనాన్ని తెచ్చే స్త్రీని నిర్ణయం చేసే చోట కూర్చోబెట్టని పార్టీ ఏదైనా సరే, ఆ మాట దాని ముఖం మీదే అడగాలి.

పైస్థాయిలో మార్పు నెమ్మదిగా వస్తోంది. 2019 తర్వాత మన రాష్ట్రానికి మేకతోటి సుచరిత గారు, తానేటి వనిత గారు, వంగలపూడి అనిత గారు వరుసగా హోంమంత్రులయ్యారు. ముగ్గురూ దళిత కుటుంబాల స్త్రీలే. మరో పక్క 2024 లోక్‌సభకు ఎన్నికైన 543 మందిలో స్త్రీలు 74 మంది. చట్టసభల్లో మూడో వంతు రిజర్వేషను బిల్లు మొదట 1996లో పార్లమెంటుకు వచ్చింది. అది చట్టమయినది 2023లో. ఇరవై ఏడేళ్ళు! జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అది అమలవుతుందని ఆ చట్టంలోనే రాశారు.

మన సంఘం మాటేమిటి?

ఊరిని, పార్టీని అడిగాము. మన మందిరాన్ని అడగకపోతే అది న్యాయం కాదు. పిడికెడు బియ్యం పోగుచేసేది స్త్రీల సమాజం. రోగుల ఇళ్ళకు వెళ్ళేది వారు. పండుగకు మందిరం కడిగి అలంకరించేది వారు. మరి కమిటీలో, ఆస్తుల విషయం మాట్లాడే సమావేశంలో ఎందరు? "వాళ్ళకు తెలియదండీ" అనేస్తాము. తెలియజేసినది ఎప్పుడు?

కర్నూలు జిల్లాకు చెందిన ఎగ్గోని పుష్పలలిత గారు 2013లో దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పుగా నంద్యాల అధ్యక్ష ఖండానికి అభిషేకం పొందారు. తెలుగు పల్లెటూరి ఆడపిల్ల వెళ్ళలేని చోటు ఏదీ లేదనడానికి ఇంతకంటే రుజువేమి కావాలి?

"స్త్రీలు సభలో మాట్లాడడం వాక్యానుసారమా?" అని కొందరు పెద్దలు మనస్ఫూర్తిగానే అడుగుతారు. వారిని సంఖ్యాకాండము 27వ అధ్యాయం మళ్ళీ ఒకసారి చదవమని మేము వినయంగా కోరుతున్నాము. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు అక్కచెల్లెళ్ళు, సెలోపెహాదు కుమార్తెలు, గుడారం ద్వారం దగ్గర మోషే, యాజకుడు, పెద్దలు, సమాజమంతా చూస్తుండగా నిలబడి తమ తండ్రి స్వాస్థ్యం తమకు ఇమ్మని అడిగారు. ఎవరూ వారిని గద్దించలేదు. వారి మాట న్యాయమని దేవుడే తీర్పు చెప్పాడు. ఆ ఐదుగురి కోసం మాత్రమే కాదు, ఆ తర్వాతి కుమార్తెలందరి కోసం కట్టడ మారింది. మన కాలంలో కేరళకు చెందిన మేరీ రాయ్ గారు అలాగే తండ్రి ఆస్తి కోసం కోర్టుకు వెళ్ళి 1986లో సుప్రీంకోర్టులో గెలిచారు. అక్కడి సిరియను క్రైస్తవ కుమార్తెలందరికీ ఆ తీర్పు మేలు చేసింది.

"రాజకీయం బురద, మనమెందుకు దిగాలి?" అనేవారూ ఉన్నారు. మన డెల్టా వారికి బురద కొత్తా? బురదలో దిగకుండా ఏ ఇంటికి ధాన్యం వచ్చింది? దిగినవారు కాళ్ళు కడుక్కుని బయటికి రావడమే ముఖ్యం.

ఇంట్లో మొదలుపెట్టవలసిన పనులు

1. ఓటర్ల జాబితాలో మీ పేరు సరిగా ఉందో లేదో ఏటా చూసుకోండి. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు, పద్దెనిమిది నిండిన కుమార్తె పేరు చేర్పించండి.

2. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని చట్టం చెబుతోంది. తేదీ తెలుసుకుని నలుగురు స్త్రీలు కలిసి వెళ్ళండి. ఒంటరిగా లేచి నిలబడడం కష్టం. నలుగురిలో ఒకరు అడిగితే ముగ్గురు బలపరచవచ్చు.

3. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన స్త్రీ పంచాయతీకి పోటీ చేయవచ్చు. మన రాష్ట్రంలో సర్పంచ్, వార్డు ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఎం.పి.టి.సి., జడ్.పి.టి.సి. ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి. కొత్తగా అడుగు పెట్టేవారికి వార్డు మంచి బడి.

4. మన సంఘంలోని స్త్రీలు నామినేషనుకు ముందు కుల ధ్రువపత్రం సంగతి తేల్చుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం స్వీకరించిన దళితులకు ఎస్.సి. హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి.-సి. గ్రూపులో చేర్చారు. కాబట్టి బి.సి. మహిళా స్థానంలోను, జనరల్ మహిళా స్థానంలోను నిలబడవచ్చు. ఈ ఉత్తర్వు న్యాయమా కాదా అన్న వాదన ఒక పక్క ఉండగా, నామినేషను తిరస్కరింపబడి కన్నీళ్ళు పెట్టుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు.

5. ఎన్నికైన సోదరి చదవకుండా ఏ కాగితం మీదా, ఏ చెక్కు మీదా సంతకం పెట్టవద్దు. చదువు అంతగా రాకపోతే కార్యదర్శి చేత అందరిముందు చదివించుకోండి. అది సిగ్గుపడవలసిన పని కాదు. చదవకుండా పెట్టడమే ప్రమాదం.

6. భర్తలకు ఒక మాట. భార్య సమావేశానికి వెళ్ళిన రోజు మీరు చేయగల గొప్ప సహాయం ఆవిడ వెంట వెళ్ళి మాట్లాడడం కాదు. ఇంట్లో ఉండి అన్నం వండి, పిల్లల చేత పాఠాలు చదివించడం. ఆవిడ తిరిగి వచ్చాక "ఏం జరిగింది?" అని అడిగి వినడం.

7. స్త్రీల సమాజంలో నెలకొక్కసారి అరగంటైనా పంచాయతీ పత్రాలు, పథకాల దరఖాస్తులు చదవడం నేర్పండి. సమాజంలో లెక్కలు చదివి వినిపించే పని ప్రతిసారీ ఒకరికే ఇవ్వకుండా వంతుల వారీగా ఇవ్వండి.

ప్రియ సహోదరీలారా, లేసు అల్లేటప్పుడు ఒక కుట్టు జారితే ఏమవుతుందో మీకు మేము చెప్పనవసరం లేదు. అల్లిక మొత్తం వదులైపోతుంది. ఊరి వ్యవహారంలో మీ కుట్టు ఇన్నాళ్ళూ జారి ఉంది. దాన్ని పట్టుకోవలసిన చేతులు మీవే. సంతకం మీదైనప్పుడు, దాని వెనుక ఉన్న ఆలోచన కూడా మీదే కావాలి.